శుక్రవారం వణికిన గోడ

ఆ ఉదయం చిన్నదానికి తల తుడుస్తూ స్నానాల గది గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. గోడ లోపల ఏదో సన్నగా జుమ్మంటున్నట్టు వీపుకు తెలిసింది. మొదట పట్టించుకోలేదు. ముంబై పక్కన భివండీలో మా ఇల్లు వణకని రోజు తక్కువ. కింద మా మామగారి సాంచాలు నడుస్తాయి, పైన మేముంటాం. ఆ మగ్గాలు నడుస్తున్నంతసేపూ గిన్నెలో పాల మీద కూడా ముడతలు లేస్తూనే ఉంటాయి. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ అదురుకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు అది ఆగితే మెలకువ వస్తుంది.

తువ్వాలు విదిలించబోతూ ఆగిపోయాను. ఆ రోజు శుక్రవారం. సాంచాలకు సెలవు. కింద మెయిన్ స్విచ్ దించేసి ఉంది. మరి గోడ ఎందుకు అదురుతోంది?

అరచెయ్యి పెట్టి చూశాను. అదురు పైనుంచి వస్తోంది. స్నానాల గదికి పైన అటక ఉంది. అటక మీద నీళ్ల ప్రెషర్ టాంకీ, దాని పక్కన చిన్న మోటారు ఉన్నాయి. నల్లా విప్పితే మోటారు మొదలవ్వాలి, కట్టేస్తే టక్కుమని ఆగాలి. లోపల మావాడు సబ్బు రాసుకుంటున్నాడు. నీళ్ల చప్పుడు లేదు, అంటే నల్లా కట్టే ఉంది. మోటారు మాత్రం ఆగలేదు. ఆ టక్కు కోసం ఊపిరి బిగబట్టి విన్నాను. అది రాలేదు. దాని బదులు అటక మీద ఇనుము చిన్నగా మూలిగింది.

"బయటికి రారా!" అని తలుపు బాదాను.

"సాబణ్ లగా హై మమ్మీ!"

"సబ్బు ఉంటే ఉండనీ. ఇప్పుడే, ఇట్లనే రా!"

వాడు నురగతోనే బయటపడ్డాడు. ఇద్దరినీ రెక్క పట్టుకుని వంటింటి అవతలికి నెట్టి, వెనక్కి పరుగెత్తి మోటారు స్విచ్ ఆపేశాను. గోడ నిమ్మళించింది.

అత్తమ్మ పూజ మధ్యలో లేచి వచ్చింది. "ఏమైందే పిల్లా? పాము గిట్ల వచ్చిందా?"

"మోటారు ఆగట్లేదు అత్తమ్మా."

"ఆపినవు గద. ఆగింది గద. గంత లొల్లి ఎందుకు? పోరడు నురగతోని నిలబడ్డడు సూడు, పత్తి మూట లెక్క."

మావాడికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. గిన్నెలు కడిగే వంటింటి మోరీ దగ్గర చెంబుతో నీళ్లు పోసి, యూనిఫాం తొడిగి, ఇద్దరినీ బడికి పంపించాను. ఆ తర్వాత స్నానాల గది గుమ్మంలో నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాను.

ఆ టాంకీ మీద నాకు మొదటి రోజు నుంచీ నమ్మకం లేదు.

మా ఇంటి కప్పు మీద ఉన్న ప్లాస్టిక్ ట్యాంకు స్నానాల గదికి ఏమంత ఎత్తులో లేదు. నల్లా విప్పితే నీళ్లు సన్నని ధారగా వచ్చేవి. మా ఆయన మాన్కోలిలో ఒక గోదాములో సూపర్‌వైజరు. సాయంత్రం ఒళ్లంతా అట్టపెట్టెల దుమ్ముతో వస్తారు. ఒక మంచి షవర్ కావాలని ఆయన కోరిక. అందుకోసం ప్రెషర్ టాంకీ కొందామన్నారు. మామగారు ఒప్పుకోలేదు. కార్ఖానాలో పాత కంప్రెసర్ ఒకటి మూలన పడి ఉంది. ఒకప్పుడు దాని గాలితోనే సాంచాల మీద పేరుకున్న దూది ఊదేవారు. చేత్తో పట్టుకునే బ్లోయర్ వచ్చాక దాని పని అయిపోయింది. "టాంకీ గట్టిదే. అన్నేండ్లు గాలిని మోసింది, నీళ్లను మొయ్యదా?" అన్నారు మామగారు. సాంచాల ఇళ్లలో ఏదీ పారేయరు. మా కర్టెన్లు వేలాడేది పడుగు నూలు చుట్టే పాత బీము పైపుకే. తలుపు కొట్టుకోకుండా కింద పెట్టేది మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడె విరిగిన ముక్క. కాబట్టి గాలి టాంకీ నీళ్ల టాంకీ కావడం ఎవరికీ వింతగా తోచలేదు.

అది వెండి రంగు పూసుకుని పెళ్లికొడుకులా మెరుస్తూ పైకి వచ్చింది. నాకు ఆ రంగు మీదే అనుమానం. పాత వస్తువుకు కొత్త రంగు ఎందుకు వేస్తారు? కాలేజీలో ఫిజిక్స్ చదివిన రోజుల్లో కంప్రెసర్ ట్యాంకుల గురించి మా మేడమ్ ఒక మాట చెప్పింది. గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ అడుగున నీరై నిలుస్తుందట, ఆ నీటిని వదిలేయకపోతే ఇనుము లోపలినుంచి తుప్పు పడుతుందట. మా మామగారు ఆ నీటిని ఎప్పుడైనా వదిలేవారా? అడిగితే ఆయన నా వైపు చూసి, "నీళ్ల టాంకీకి నీళ్లే భయమా బిడ్డా?" అని నవ్వారు. మళ్లీ అడగలేదు.

బిగించిన రోజు ప్లంబర్‌ను మాత్రం వదల్లేదు. అతను కనేరిలో ఉండే మన తెలుగువాడే, నన్ను వదినా అంటాడు. "రెండు కాపలాలు పెట్టిన వదినా," అన్నాడు. ఒకటి మోటారు స్విచ్. టాంకీలో ఒత్తిడి నిండగానే అది మోటారును ఆపుతుంది. అది పనిచేయకపోతే రెండోది ఉంది, పక్కనున్న సేఫ్టీ వాల్వు. ఒత్తిడి మితి మీరితే దాని మూతి తెరుచుకుని నీళ్లు బయటికి కారుతాయి. "ఇది కారితే తిట్టకుండ్రి. కారుతున్నదంటే కాపాడుతున్నట్టు."

అది నిజంగానే కారింది. కొన్నాళ్లు అటక అంచు నుంచి చుక్కలు పడేవి. ఒకరోజు ఆగిపోయాయి. మా ఆయనను అడిగితే, "సెట్ అయి ఉంటది లే," అన్నారు. మా ఇంట్లో ఏదీ దానంతట అది సెట్ కాదు. సాంచా ఆగినా, నల్లా కారినా ఎవరో ఒకరి చెయ్యి పడాల్సిందే. ఆ మాట అప్పుడే మా ఆయనతో అన్నాను. "అనుమానాల పుట్టవు" అని షూ వేసుకుని వెళ్లిపోయారు.

ఇప్పుడు అదే అనుమానంతో స్టూలు వేసుకుని అటక అంచు దాకా ఎక్కాను. ఒత్తిడి చూపించే మీటర్ ఉంది గానీ దాని ముఖం గోడ వైపు ఉంది. ఎవరు చూస్తారులే అనుకుని అట్లా బిగించినట్టున్నారు. మొబైల్‌ను గోడకూ టాంకీకీ మధ్య దూర్చి ఫోటో తీశాను. సూది ఎర్రగీత కూడా దాటి, చివర ఆనుకుని ఉంది. కిందికి దిగి నల్లా విప్పాను. నీళ్లు బకెట్ అడుగును చెంపదెబ్బ కొట్టినట్టు తాకాయి. ముందు పాలలా తెల్లగా వచ్చాయి, తర్వాత టీ రంగులోకి మారాయి. మళ్లీ ఎక్కి ఫోటో తీశాను. అన్ని నీళ్లు పోయినా సూది వెంట్రుకంతైనా కదల్లేదు.

అంటే ఇందాక ఒత్తిడి అంత లేదేమో, సూదే చెడిపోయిందేమో. లేకపోతే సూది ఎప్పటినుంచో అక్కడే ఇరుక్కుని ఉందేమో, ఈ ఇంట్లో ఎవరికీ తెలియదేమో. ఏది నమ్మాలో తెలియక గోరుతో టాంకీ పొట్ట గీరాను. వెండి రంగు పెచ్చుగా లేచింది. దాని వెనక ఎండిన మందారంలాంటి ఎరుపు కనిపించింది.

మా ఆయనకు ఫోన్ చేశాను. వెనకాల లారీ హారన్లు వినబడుతున్నాయి.

"మోటారు బంద్ చేసినవ్ గద? సాయంత్రం వచ్చి చూస్త."

"సాయంత్రం దాకా ఎట్ల? ప్లంబర్‌ను పంపండి."

"అరే, లోడింగ్ నడుస్తుంది ఇక్కడ. గంత ఏం గాదే."

"మీ కొడుకు రోజూ దాని కిందనే నిలబడి స్నానం చేస్తుండు."

"పంపుత," అన్నారు.

ప్లంబర్ వచ్చేసరికి మామగారు కూడా పైకి వచ్చారు. శుక్రవారం కదా, ఆయనకు వేరే పని లేదు. అత్తమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. ప్లంబర్ మోటారు మీద చెయ్యి వేసి, "స్విచ్ ఇరుక్కున్నట్టుంది వదినా, రెండు దెబ్బలు కొడితే నడుస్తది," అన్నాడు.

"దెబ్బలు తర్వాత. నువ్వు పెట్టిన రెండో కాపలా ఏమైంది?"

"ఏ కాపలా?"

"సేఫ్టీ వాల్వు. మోటారు ఆగకపోతే అది కారాలని నువ్వే చెప్పినవ్. ఇందాక చుక్క పడలే."

అతని ముఖంలో రంగు మారింది. నాకు అనుమానం అతని మీదకు మళ్లింది. వాల్వు అసలు పెట్టాడా? పెట్టినట్టు చూపించి పాతది ఏదైనా అంటించాడా? అతను అటక మీదికి పాకుతుంటే నేనూ స్టూలు ఎక్కి టార్చ్ పట్టాను.

"వదినా, మీరు గట్ల గుడ్లురిమి చూస్తుంటే నాకు చేతులాడవు."

"ఆడకపోతే మంచిదే. మెల్లగ చెయ్యి."

వాల్వు ఉంది. కానీ దాని మూతిలో ఒక చెక్క ముక్క దూరి ఉంది. దాని చుట్టూ తెల్లటి నూలు. ఒకటి రెండు చుట్లు కాదు, బొంగరానికి చుట్టినట్టు ఒత్తుగా, వరసగా, ఒక పోగు మీద ఇంకో పోగు ఎక్కకుండా చుట్టి ఉంది. చివర ముడి. తెగిన పోగును అతికేటప్పుడు వేసే ముడే అది, తోకలు దగ్గరికి తుంచేసి ఉంది. ఆ చెక్క ముక్క కండె. నూలు చుట్టి నాడెలో పెట్టే కండె విరిగితే మిగిలే కొస.

ఇది ప్లంబర్ పని కాదు. అతనికి ఈ ముడి రాదు. మా ఇంట్లో అందరికీ వచ్చు. నాకు కూడా అత్తమ్మే నేర్పింది.

టార్చ్ పట్టుకునే కిందికి చూశాను. మామగారు నా వైపే చూస్తున్నారు. మా ఆయన గుర్తొచ్చారు, "సెట్ అయి ఉంటది" అన్న మాట గుర్తొచ్చింది. ఒక్క క్షణం ఇంట్లో ఎవరి ముఖమూ నాకు సరిగ్గా కనిపించలేదు.

"ఇది ఎవరు కట్టిండ్రు?" అన్నాను.

"నేనే," అంది అత్తమ్మ, చిక్కుడుకాయ ఈనె తీస్తూనే. "ఏం, దొంగతనమా?"

"అత్తమ్మా, అది కారాలె. కారనీకే పెట్టిండ్రు."

"కారనీకి ఎవలన్న వాల్వు పెడ్తరానే? నీళ్లు ఊకె కారుకుంట పైపు బొక్కలకెల్లి కిందికి దిగినయ్. బీము మీద పడి గుడ్డ తాన్లకు పసుపు మరకలైనయ్. సేఠ్ మొత్తం వాపస్ పంపిండు. ఆ దినం మీ మామ ముద్ద ముట్టలే. నువ్వే గద పళ్లెం తీసినవ్? మరి నన్నేం జెయ్యమంటవ్?"

ఆ పళ్లెం నాకు గుర్తుంది. మరకకు కారణం నూనె అనుకున్నారు, సాంచాకు నూనె వేసే పనివాణ్ని తిట్టారు కూడా. అత్తమ్మ మాత్రం బీము మీద చుక్క ఎక్కణ్నుంచి పడుతోందో చూసుకుని, ఎవరికీ చెప్పకుండా పైకి వచ్చి, చేతికి అలవాటైన పని చేసింది. పోగు తెగితే అతకాలి, కారితే కట్టాలి. సాంచాల మధ్య బతుకంతా గడిపిన మనిషికి కారేది ఏదైనా నష్టమే. కాపాడటానికే ఏదైనా కారుతుందని ఆమెకు ఎవరు చెప్పారు? ప్లంబర్ నాకు చెప్పాడు. నేను ఆమెకు చెప్పలేదు, ఆమె నన్ను అడగలేదు.

అయినా ఒక ఆలోచన నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆ మరక పసుపు రంగుది. మంచినీళ్లు తెల్లగుడ్డ మీద పసుపు మరక ఎందుకు చేస్తాయి?

ప్లంబర్ కండె కొస పట్టుకుని లాగబోయాడు. "ఆగు!" అని అరిచాను. అతను ఉలిక్కిపడి తల పైకప్పుకు కొట్టుకున్నాడు.

"ముందు నల్లాలన్నీ విప్పుదాం. లోపల నీళ్ల మీద నొక్కుకుని ఇంకా ఎంత గాలి ఉందో మనకు తెలియదు. సూదిని నమ్మలేం."

"వదినా, మీకు నా మీద నమ్మకమే లేదు."

"నాకు ఆ టాంకీ మీద లేదు. నువ్వు ముఖం పక్కకు పెట్టు."

మోటారు వైరు పీకించాను. పైన కప్పు ట్యాంకు నుంచి వచ్చే వాల్వు కట్టేయించాను. ఇంట్లో ఉన్న నల్లాలన్నీ విప్పాను. అవి దగ్గాయి, ఉమ్మాయి, ఎర్రనీళ్లు కక్కి కక్కి చివరికి ఊరుకున్నాయి. అప్పుడు అతను నూలు కోసి కండె కొస లాగాడు. అంతా ఖాళీ అయిందనుకున్నాక కూడా ఆ మూతి లోంచి బుస్సుమని గాలి వచ్చింది. అత్తమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

స్విచ్‌కు వెళ్లే సన్నపైపు విప్పితే అందులో తుప్పు ముద్ద ముద్ద ఇంగువలా అడ్డంగా పట్టేసి ఉంది. ఒత్తిడి నిండిందని స్విచ్‌కు తెలిసే దారే లేదు. మీటర్ సంగతీ అంతే. మొదటి కాపలాను తుప్పు మూసింది, రెండోదాన్ని అత్తమ్మ మూసింది. ఆ కింద నా కొడుకు రోజూ పాటలు పాడుకుంటూ స్నానం చేశాడు.

మామగారు ఇంకా ఒప్పుకోలేదు. "తుప్పు పైపులది. టాంకీది కాదు. కిందికి దించుండ్రి, సూపిస్త." ఇద్దరూ కలిసి దాన్ని కార్ఖానా నేల మీదికి దించారు. నేనూ వెనకే దిగాను. ఆగిన సాంచాల మధ్య ఆయన పానా తీసుకుని టాంకీ నెత్తి మీద కొట్టారు. గంటలా మోగింది. "వింటున్నవా బిడ్డా?" అన్నారు. నడుము మీద కొట్టారు. అక్కడా మోగింది. ప్లంబర్ నా వైపు చూసి నవ్వాడు. తర్వాత ఆయన దాన్ని దొర్లించి, అటక మీద చెక్కకు ఆనుకుని ఉండిన అడుగుభాగం మీద కొట్టారు.

అక్కడ మోగలేదు. పానా మొన లోపలికి దిగిపోయింది.

ఆయన పానా లాగితే ఆ రంధ్రం లోంచి ఎర్రనీళ్లు నేల మీదికి వచ్చాయి. ఆయన గొంతుకూర్చుని రంధ్రంలో వేలు పెట్టి అంచు వంచారు. అప్పడంలా విరిగింది. వెండి రంగే దాన్ని పట్టి ఉంచింది, ఇనుము పేరుకే మిగిలింది. ఆయన ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

"లోపల్నించి తిన్నది," అన్నారు చివరికి. ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు.

అది ఆ ఉదయమే పగిలేదా, ఇంకో ఏడాది నిలిచేదా, నాకు తెలియదు. గాలిని నొక్కిపెట్టిన ఇనుము పగిలితే నీళ్లు కారి ఊరుకోవని మాత్రం తెలుసు. ముక్కలు ఎగురుతాయి.

పైకి వెళ్లేసరికి అత్తమ్మ స్నానాల గదిలో ఉంది. చిన్నది కూర్చుని స్నానం చేసే ఎర్ర ప్లాస్టిక్ పీటను అక్కణ్నుంచి తీసి, కొంగుతో తుడిచి, వంటింటి మోరీ పక్కన పెట్టింది. నా వైపు చూడకుండానే, "సూస్తవేంది? చిక్కుడుకాయ పొయ్యి మీద ఎయ్యి," అంది. నేను వేశాను.

సాయంత్రం మా ఆయన వచ్చి టాంకీ రంధ్రం చూసి, టీ తాగకుండానే కూర్చున్నారు. కొత్తది కొందామన్నారు. కొందాం, కానీ అటక మీద కాదు, కింద వెనక సందులో నేల మీద పెడదాం అన్నాను. దాని సేఫ్టీ వాల్వుకు పైపు తగిలించి నేరుగా బయటి మోరీలోకి వదులుదాం, అప్పుడు అది ఎంత కారినా తాన్ల మీద పడదు. మీటర్ ముఖం మన వైపు ఉండాలి. పాతదీ, రంగు వేసిందీ వద్దు. మామగారు గోడకు ఆనుకుని వింటున్నారు. "పైపు కొద్దిగ పొడుగు పెట్టియ్యి," అన్నారు మా ఆయనతో.

నా అనుమానం మాత్రం టాంకీతో పాటు కిందికి దిగలేదు. గీజర్‌కు కూడా అట్లాంటి వాల్వు ఉంటుంది. టార్చ్ వేసి చూశాను, నూలు లేదు. అయినా వేలితో తడిమి చూశాను. వంటింటి సింకు కింద జాయింటుకు చుట్టిన దారం పాతదా, కొత్తదా అని చూశాను. ఇప్పుడు, కొన్నాళ్ల తర్వాత, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తూ కూడా కింద సాంచాల చప్పుడు లోంచి ఇంకేదైనా చప్పుడు విడిగా వినబడుతుందేమోనని మధ్యమధ్యలో కలం ఆపుతున్నాను.

ఆ శుక్రవారం గడిచిన మర్నాడు ఉదయం పిల్లలిద్దరినీ వంటింటి మోరీ దగ్గర కూర్చోబెట్టి చెంబుతో నీళ్లు పోశాను. మావాడికి కోపం. "షవర్ కా నాహీ మమ్మీ?" అని మరాఠీలో, షవర్ ఎందుకు లేదంటూ గునిశాడు. చిన్నదానికి మాత్రం పీట ఇక్కడికి వచ్చినందుకు సంబరం.

ఇద్దరి తలలూ తుడిచాక ఎదురుగా కూర్చుని చెప్పాను. "ఇంట్లో ఎక్కడన్న నీళ్లు కారుతున్నయనుకోండ్రి. చెయ్యి పెట్టొద్దు, గుడ్డ పెట్టొద్దు, దారం కట్టొద్దు. వచ్చి నాకు చెప్పాలె. నేను ఏ పనిలో ఉన్నా చెప్పాలె. మోటారు ఆగకుండ నడుస్తున్నా, గోడ అదురుతున్నా, ముందు బయటికి పోవాలె. చెప్పులు వెతకొద్దు. సబ్బు ఉన్నా సరే, బట్టలు లేకున్నా సరే."

"బట్టలు లేకుండ గల్లీలకా?" అన్నాడు మావాడు, కళ్లు పెద్దవి చేసి.

"గల్లీలకే."

చిన్నది ఆలోచించి, గొంతు తగ్గించి అడిగింది. "మరి నాయినమ్మ, ఏం గాదు, కూసో అంటే?"

అత్తమ్మ పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. ఆమె చెయ్యి ఆగింది, వింటోందని తెలుసు. నేను గొంతు తగ్గించలేదు.

"అప్పుడు నాయినమ్మ చెయ్యి పట్టుకోవాలె. ఇద్దరూ చెరొక చెయ్యి పట్టుకుని, ఆమెను గూడ బయటికి గుంజుకుపోవాలె."